రెండు తీగలు తక్కువ

మా బావ, అంటే అక్క మొగుడు, అనకాపల్లి మార్కెట్లో బెల్లం రకం చూసే మనిషి. దేన్నైనా వేలి కణుపుతో కొట్టి వినందే నమ్మడు. నాకు పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ స్కూటర్ని కూడా కొట్టి చూశాడు.

అందుకే పాత బేస్ గిటారు ఒకటి చవగ్గా దొరుకుతోందంటే ఆయన్ని వెంటబెట్టుకెళ్ళాను. మెడ పొట్టిది, నా చిన్న వేళ్ళకు అందుతుంది. అయినా కొనాలో వద్దో వారం రోజులుగా తేలడం లేదు.

బావ ముందు తీగలు లెక్కపెట్టాడు.

"నాలుగే ఉన్నాయేటే మరదలా! రెండు తెగిపోనాయి. అందుకే సవగ్గా ఇత్తన్నాడు."

"మామూలు గిటారుకే ఆరు. బేస్‌కి నాలుగే ఉంటాయి బావా."

అమ్మే ఆయన నవ్వాపుకున్నాడు. బావ మాత్రం నమ్మలేదు. గిటారు పొట్టను కణుపుతో కొట్టి, చెవి ఆనించి, "ఏదీ, వాయించు" అన్నాడు. లావు తీగ మీటాను. బావ కళ్ళు మూసుకుని, ఆ మోత పూర్తిగా అణిగేదాకా చెవి తీయలేదు.

"పాకం కుదిరింది. తీసేసుకో."

తీసేసుకున్నాను.

మొన్న మా స్కూలు వార్షికోత్సవంలో తోటి టీచర్లతో కలిసి మొదటిసారి స్టేజీ మీద వాయించాను. ముందు వరసలోంచి బావ గొంతు నాదాకా వినిపించింది. పక్కాయనతో గొప్పగా చెబుతున్నాడు:

"రెండు తీగలు లేకపోయినా ఎలా వాయిత్తందో సూడు, మా మరదలు!"