పున్నారావు బాబాయి రెండు నిమిషాలు

ఎక్కడ ఏ తప్పు జరిగినా మా పున్నారావు బాబాయి కుర్చీ లాక్కుని రెండు నిమిషాలు కూర్చుంటాడు. తెనాలిలో ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ దీనికి ఆశ్చర్యపోరు. పక్కింటివాళ్ల స్కూటర్ తన గేటుని గుద్దినా సరే, ఆ గేటు పక్కనే కుర్చీ పడుతుంది.

"పప్పు మాడ్చింది నేనైతే మీరు కూర్చోవడమేంటండీ?" అని ఝాన్సీలక్ష్మి పిన్ని గరిటె పట్టుకుని అరిచేది.

"మాట్లాడకు. టైము నడుస్తోంది," అనేవాడు వాచీ చూసుకుంటూ.

పటాలంలో ఉండగా లడఖ్‌లో తమ యూనిట్ ఐస్ హాకీ జట్టులో ఆడాడు లెండి. గడ్డకట్టిన చెరువు మీద జారుతూ కర్రలతో ఆడే ఆట. తప్పు చేసినవాణ్ణి రెండు నిమిషాలు పక్కన కూర్చోబెడతారు. ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క ఫొటోలో బాబాయి అక్కడే కూర్చుని ఉన్నాడు. అది చూసి, మావాడు ఎంతమంది కాళ్లు విరగ్గొట్టాడో అనుకునేవాళ్లం. ఆయన మీసం దువ్వుకునేవాడే తప్ప కాదనలేదు.

మొన్న వేసవిలో జయకృష్ణ పెదనాన్న కూతురు చందన పెళ్లి బాపట్లలో జరిగింది. మగపెళ్లివారిది రేపల్లె. పొద్దున్నే విడిదికి వెళ్లి వాళ్ల పెద్దల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి టిఫినుకి పిలవాలి. ఆ పని పెదనాన్నది. అందరినీ పిలిచాడు. పెళ్లికొడుకు మేనమామ బసవేశ్వరరావుగారు స్నానంలో ఉండటంతో ఆయన్ని మాత్రం మర్చిపోయాడు.

ఆయన బయటికొచ్చేసరికి విడిది ఖాళీ. తిన్నగా వచ్చి కల్యాణమండపం ముందున్న బస్సెక్కి కూర్చున్నారు.

"పిలవని చోట తినే అలవాటు మాకు లేదు. రేపల్లె పోదాం. ఎక్కండందరూ!"

ఇడ్లీలు సగంలో వదిలేసి చేతులు కడుక్కుని ఒక్కొక్కరే బస్సెక్కసాగారు. ముహూర్తం దగ్గర పడుతోంది. పెళ్లికొడుకు అజయ్ బాబు ఆ మేనమామ పెంపకంలో పెరిగినవాడు. ఎదురు చెప్పలేక బస్సు మెట్ల దగ్గర తలొంచుకుని నిలబడ్డాడు. మండపం లోపల చందన కాటుక చెదిరిపోయింది. ఆమె పక్కనే పెదనాన్న కూలబడ్డాడు. డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు.

అప్పుడు బాబాయి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బస్సు ముందు ఎండలో వేసుకుని కూర్చున్నాడు.

"ఎవరండీ మీరు? లేవండి!" బసవేశ్వరరావుగారు బస్సులోంచి గర్జించారు.

"పెళ్లికూతురి బాబాయినండి. మిమ్మల్ని పిలవాల్సింది నేనండి. మర్చిపోయాను. రెండు నిమిషాల శిక్ష పడిందండి."

"ఎవరేశారు?"

"ఆట రూలండి. ఐస్ హాకీ. మంచు మీద ఆడతారు."

"బాపట్లలో మంచేంటండీ!"

"లేదు కాబట్టే ఎండలో కూర్చున్నానండి."

బస్సులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"మీరు కూర్చుంటే నా మర్యాద వెనక్కొచ్చుద్దా?"

"చాలకపోతే ఐదేయండి. పెద్ద తప్పుకి ఐదుందండి."

ఆయన విసవిసా దిగారు. బాబాయి కదల్లేదు. బట్టతల మీంచి చెమట ధారలు కడుతోంది. ఆయన కాసేపు ఆ తలని, కాసేపు బస్సుని చూసి, వంగి బాబాయి వాచీలోకి చూశారు.

"అయిపోయింది. లేవండి. లేచి పిలవండి."

బాబాయి కండువా సర్దుకుని చేతులు జోడించాడు. "బసవేశ్వరరావుగారూ, టిఫినుకి దయచేయండి."

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

తాళి కట్టాక బాబాయిని పక్కకి లాగాను.

"పిలవాల్సింది పెదనాన్న కదా?"

"అన్నయ్యని ఎండలో కూర్చోబెడితే కన్యాదానం ఎవరు చేస్తార్రా? మా ఆటలోనూ అంతే. గోల్ కీపర్ తప్పు చేస్తే వాడు గోలొదిలి రాడు. వాడి బదులు ఇంకోడు కూర్చోవాలి."

"అంటే ఆ ఫొటోలో..."

"మా గోల్ కీపర్ తప్పే. ఎప్పుడూ నేనే కూర్చుంటానని ముందుకెళ్లేవాణ్ణి."

"మరి నీ తప్పులు?"

బాబాయి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నాకు ఆ మంచు మీద జారడం సరిగ్గా వచ్చేది కాదురా. తప్పు చెయ్యాలన్నా ముందు ఎదుటివాడి దాకా చేరాలి కదా!"