బెడ్డు పక్కన నాయన కుర్చీ

మొన్న మార్కాపురంలో మా తమ్ముడి పలకల ఫ్యాక్టరీకి పోతే, ఇంకా పెద్ద కోత మిషను వస్తోందని మిషను కింద ఉండే పాత కాంక్రీటు బెడ్డును పక్కకు పెంచుతున్నారు. పని దగ్గర మనవాళ్లు ఒక్కరూ లేరు, తమ్ముడేమో లోపల ఫోను చూసుకుంటున్నాడు. నాకు ప్రాణం ఆగక, కుర్చీ లాక్కొని గుంట పక్కనే కూర్చున్నాను. నవ్వుకోండి, పరవాలేదు. మా నాయన కూతుర్ని మరి!

మా వైపు పెరిగినవాళ్లకు తెలుసు, ఊరి చుట్టూ ఎక్కడ చూసినా కోతలో విరిగిన పలక ముక్కల గుట్టలే. ఊరికే దొరికే ఆ ముక్కలుండగా కంకర కొనడం దేనికని, కాంక్రీటులో వాటినే కలిపేసేవాళ్లు ఆ రోజుల్లో ఉండేవారు. పైకి నున్నగానే ఉంటుంది గానీ, బల్లపరుపు ముక్కల్ని సిమెంటు సరిగా పట్టుకోదు, మిషను అదురుకు బెడ్డు పొరలుగా విడిపోతుంది.

నేను చదువు మానేసి, పలకలకు చెక్క చట్రాలు బిగించే ఆడవాళ్ల పని చూసుకుంటున్న కాలంలో, నాయన ఉన్న పొలం అమ్మి పెద్ద మిషను తెచ్చాడు. పాత బెడ్డు దానికి చాలలేదు. పెంచే పని మా అమ్మ తమ్ముడైన మేస్త్రీ మామకు అప్పగించాడే గానీ, నమ్మితే కదా! బెడ్డు పగిలితే మిషను పోతుంది, మిషను పోతే ఇంటిల్లిపాదీ కూలికి పోవాల్సిందే. అందుకని, ఎక్కడ పలక ముక్కలు కలిపేస్తాడోనని గుంట పక్కన కుర్చీ వేసుకొని, కళ్లలో వత్తులు వేసుకొని తట్టతట్టనూ చూసేవాడు, అన్నానికి పోతే నన్ను కూర్చోబెట్టేవాడు. తోడబుట్టినవాణ్ణి దొంగను చూసినట్టు చూస్తున్నామని అమ్మ కుమిలిపోయేది. మామ మా ఇంట్లో మంచినీళ్లు ముట్టడం మానేశాడు.

పాత బెడ్డు అంచు కొట్టి, కడ్డీలు గుచ్చి, కొత్తదాన్ని దానికి కలిపి కట్టాలని మామ పట్టుబట్టడంతో అనుమానం ముదిరింది. రాయిలాంటి బెడ్డును పగలగొట్టడం పని పెంచుకోవడానికేనని నాయన తేల్చేశాడు, నాకూ అట్లాగే తోచింది.

“అంచు కొట్టకుండా నేను చెయ్యి పెట్టను బావా, ఇంకొకర్ని చూసుకో” అన్నాడు మామ. గత్యంతరం లేక నాయన సరేనన్నాడు.

సమ్మెట దెబ్బకు అంచు ఊడిపడింది. లోపల నల్లగా, పొరలు పొరలుగా పలక ముక్కలు!

ఆ బెడ్డు మామ పోసింది కాదు. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో చేతిలో చిల్లిగవ్వ లేక నాయనే దగ్గరుండి కలిపించుకున్నది; చిన్న మిషనుకు అన్నేళ్లు ఆగిందని ఆ సంగతే మరిచినట్టున్నాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. మామ కూలీల వైపు తిరిగి, అప్పట్లో అందరూ ఇట్లాగే పోసుకున్నారులే, మొత్తం తీసేయండని పురమాయించాడు.

“నీకు ముందే తెలుసు గదరా?” అని నాయన మెల్లగా అడిగాడు.

“ఆ పొద్దు ఇసుక మోసింది నేనే గద బావా. నలుగురిలో ఎట్ల చెప్పేది?”

నాయన లేచి తన కుర్చీ మామకు వేశాడు. మామ కూర్చోలేదు గానీ, ఆ మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తిన్నాడు.

ఇప్పుడు తమ్ముడు పెంచుతున్నది మామ పోసిన ఆ బెడ్డునే. మొన్న దాని అంచు కొడుతుంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, వంగి మరీ చూశాను. అంతా కంకరే. ఈ కాలంలో తప్పు కనబడితే ఫొటో తీసి ఊరంతా పంపుతారు. బావ తప్పును అన్నేళ్లు కడుపులో పెట్టుకొని, మా అనుమానాన్ని నోరు మెదపకుండా భరించిన మామ ఇప్పుడు లేడు. కుర్చీ తీసి లోపల పెట్టేసి వచ్చాను.