వేట లేని రోజుల మాత్రలు

నా పెనిమిటి పేరు పోతయ్య. బతికుండగా ఆ పేరు నా నోటితో ఎప్పుడూ అనలేదు, మా దాంట్లో అనరు. గోపాల్‌పూర్‌కి కాస్త దక్షిణాన, ఇసుక మీద ఉన్న పల్లె మాది. ఇంట్లో తెలుగు, చేపలు అమ్మేటప్పుడు ఒడియా. ఆయన బడి గుమ్మం తొక్కినవాడు కాదు. నీళ్ల రంగు చూసి వల ఎక్కడ వెయ్యాలో మాత్రం చెప్పేవాడు. అప్పలస్వామి బోటులో ఆరుగురు వెళ్లేవారు. ఆయన చెయ్యి చూపించిన వైపే అప్పలస్వామి బోటు తిప్పేవాడు.

మాట తక్కువ మనిషే గానీ వేళాకోళం ఉండేది. మా అత్త మంగమ్మ చేతి కూర నోట్లో పెట్టుకుని, సముద్రంలో ఉప్పంతా మనింటికే వచ్చేసినట్టుందమ్మా అనేవాడు. ఆవిడ గరిటె ఎత్తేది. మళ్లీ అదే కూర మారు వడ్డించుకునేవాడు.

కిందటి సంవత్సరం శివరాత్రి ముందు దగ్గు మొదలైంది. చలిగాలి అనుకున్నాం. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, చొక్కా వదులైపోయింది. మా వీధి ఆశా కార్యకర్త దుర్గ, ఆయనకి చిన్నాన్న కూతురు. ఒక రోజు వచ్చి కాసేపు ఆ దగ్గు విని, చిన్న డబ్బా చేతిలో పెట్టి, తెల్లారి కళ్లె అందులో పట్టమంది. నాలుగు రోజులకి టీబీ అని తెలిసింది.

నేను ఏడిస్తే దుర్గే ఊరుకోబెట్టింది. ఇది పూర్వంలా చచ్చే జబ్బు కాదు, ఆరు నెలలు రోజూ మాత్రలు వేసుకుంటే పోతుంది అంది. మాత్రలకి, పరీక్షలకి ఒక్క పైసా అక్కర్లేదు. గుడ్లకీ పాలకీ బ్యాంకులో డబ్బులు కూడా పడతాయి. ఇదంతా ఎవరిస్తారని మా అత్త అడిగితే, ఢిల్లీ ప్రభుత్వం పంపుతుందని చెప్పింది.

"ఢిల్లీ వోళ్లకి మా వోడి దగ్గు ఎలాగినబడిందే?" అంది మా అత్త.

"నానే ఇనిపించాను పెద్దమ్మా. మా పని అదే గదా."

నిజంగానే అన్నీ వచ్చాయి. నెలకి సరిపడా మాత్రల అట్టలు దుర్గ ఇంటికే తెచ్చేది. డబ్బులు ఆలస్యంగానైనా పడ్డాయి. ఎక్కడి నుంచో ఫోన్ చేసి ఒడియాలో, మందు తింటున్నారా, కళ్లు తిరుగుతున్నాయా అని అడిగేవారు. నా బతుకులో నా ఇంటివాళ్ల గురించి అలా అడిగిన ఆఫీసు ఇంకొకటి లేదు.

ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు వేట బంద్. చేపలు గుడ్లు పెట్టే కాలం, బోట్లు ఇసుక మీదే ఉంటాయి. ఆ రెండు నెలలూ ఆయన ఒక్క పూట తప్పలేదు. పొద్దున్నే నా ఎదురుగా మూడు మాత్రలు మింగేవాడు. మాత్రలు మొదలుపెట్టిన రోజు మూత్రం ఎర్రగా వచ్చిందని బెదిరిపోతే దుర్గ నవ్వింది. మందు రంగే అది, మాత్రలు ఆపేవరకూ అలాగే ఉంటుంది అంది. జ్వరం తగ్గింది. బుగ్గలు పూడుకున్నాయి. కాస్త ఒళ్లు కూడా చేశాడు.

జూన్ మధ్యలో సముద్రం తెరిచారు. మా వైపు పద్ధతి ఒకటుంది. తెరిచిన రోజు ఎవరు బోటు నెడితే ఆ ఏడాదంతా వాళ్లే దాని మనుషులు. ఆ రోజు రానివాడికి మరి చోటుండదు. బోటు మీద ఒకటే గిన్నె చద్దన్నం పెట్టుకుని ఆరుగురూ అందులోనే చేతులు పెట్టి తింటారు. వేరే గిన్నె తెచ్చుకున్నవాడిని వాళ్లలో మనిషిగా చూడరు.

తెరిచే ముందు రోజు ఆయన మాత్రలు వేసుకోలేదు. ఎందుకని అడిగాను.

"బోటంచున నిలబడే గదా ఒంటికెల్తాం, అందరి ముందరా. ఎర్రగా పడితే ఏటని అడగరేటి?"

దుర్గకి చెబుదాం, ఏదో ఉపాయం చూస్తుంది అన్నాను.

"దానికి సెప్తే ఆపీసోళ్లొస్తారు. జీపొచ్చి మన గుమ్మంలో ఆగితే ఇంక నన్నెవడు గిన్నిలో సెయ్యి పెట్టనిస్తాడు? బాగానే ఉన్నాను గదే. ఏట లేని రోజు ఏసుకుంటాన్లే."

అలాగే చేశాడు. అల్పపీడనం పట్టి బోట్లు ఆగితే వేసుకునేవాడు. మళ్లీ వేటకి వెళ్లాల్సి వస్తే ముందు రోజే మానేసేవాడు. ఒక నెలలో ఆరు రోజులు, ఇంకో నెలలో పది. మనిషి చూడ్డానికి బాగానే ఉన్నాడు. నాకూ అదే ధైర్యం.

దుర్గ నెలకోసారి వచ్చి ఖాళీ అట్టలు చూసి కార్డులో గీతలు పెట్టుకునేది. మొదటి నెల ఆమె వచ్చే ముందు అట్టలు చూస్తే సగానికి పైగా మాత్రలు అలాగే ఉన్నాయి. నేను వంటింట్లో కూర్చుని ఒక్కొక్కటీ నొక్కి బయటికి తీశాను. ఇంటి వెనక గొయ్యి తీసి, పోసి, ఇసుక కప్పాను. ఆయన చెయ్యమనలేదు. ఆయన పరువు, బోటులో ఆయన చోటు నిలబెడుతున్నాననే అనుకున్నాను. అలా మూడు నెలలు చేశాను.

దుర్గ ఆ ఖాళీ అట్టలు చూసి, ఇంటికొకరు నీలాంటివాళ్లుంటే నాకీ తిరుగుడే ఉండదు వదినా అంది. ఆమెకి టీ పెట్టిచ్చాను.

సెప్టెంబరు చివర మళ్లీ కళ్లె పరీక్ష అన్నారు. అప్పటికి దగ్గు లేదు, కళ్లె రావడం లేదని ఉత్త ఉమ్మి పట్టి ఇచ్చాడు. అందులో ఏమీ లేదన్నారు. వైద్యం పూర్తయిందని కార్డులో రాశారు. ఫోన్లు కూడా ఆగిపోయాయి.

కార్తీకం వెళ్లాక దగ్గు మళ్లీ వచ్చింది. సంక్రాంతి దాటాక ఒక పొద్దున వల బాగుచేస్తూ దగ్గితే వల మీద నెత్తురు పడింది. దుర్గే బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. మధ్యలో మాత్రలు మానేశారా అని డాక్టరు ఒడియాలో అడిగాడు. లేదని ఆయన తలూపాడు. డాక్టరు నావైపు చూశాడు. నేను గోడకేసి చూశాను.

కళ్లె పెట్టి చూసిన యంత్రం రెండు రోజుల్లో చెప్పేసింది. పాత మాత్రలు ఈ టీబీ పురుగు మీద పనిచెయ్యవు, అది మొండికెక్కిపోయింది. వేరే మాత్రలు మొదలుపెట్టారు. అవీ ఊరికే ఇచ్చారు. బయట కొనాలంటే మా ఇల్లు అమ్మినా చాలదని నర్సు చెప్పింది.

ఆ సాయంత్రం ఆసుపత్రి కుళాయి దగ్గర దుర్గకి మొత్తం చెప్పాను. ఆమె సీసాలో నీళ్లు పడుతోంది. సీసా నిండి నీళ్లు పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు.

"ఎన్ని నెలలు వదినా?"

"మూడు."

"నాకొక్క ముక్క సెప్పుంటే..." అని కుళాయి కట్టేసింది. "నానైనా అట్టలు లెక్కెట్టాను గానీ అన్నియ్య మింగుతుంటే ఒక్క రోజు సూడ్లేదు."

తిడితే బాగుండునని నిలబడ్డాను. తిట్టలేదు. లోపలికి వెళ్లి డాక్టరుకి చెప్పింది. ఆయనా కోప్పడలేదు, ఎన్ని రోజులు వేసుకున్నాడో అడిగి రాసుకున్నాడంతే. మందు మంచిదే, కానీ ఊపిరితిత్తులు చాలావరకు పోయాయి అన్నాడు. మంచం మీద మా ఆయన దుర్గ చెయ్యి పట్టుకుని, కార్డు మీద నీ సంతకం ఉంది కదా, నీ పనికేమైనా అవుతుందా అని అడిగాడు. అంత దగ్గులోనూ ఆయన బెంగ అదే.

మాత్రలు రోజూ సమయానికి వచ్చాయి. ఈసారి ఒక్కటి కూడా తప్పలేదు. నలభై మూడో రోజు పోయాడు.

పన్నెండో రోజు అయ్యాక ఆరోగ్యశాఖ వాళ్లు వచ్చి బోటులో వాళ్లందరికీ పరీక్షలు చేశారు. దేవుడి దయ, ఎవరికీ లేదు. అప్పలస్వామి మా అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. ముందే చెప్పి ఉంటే ఆయన్ని బోటు నుంచి దింపేసేవారా అని అడిగాను.

"దించీసీవోణ్నేనమ్మా," అన్నాడు. "అబద్దమెందుకు."

ఇంట్లోవాళ్లకీ పరీక్షలు చేశారు. నాకు లేదు. మా అత్తకి జబ్బు లేదు గానీ పురుగు ఒంట్లో ఉందట. అది నిద్రలేవకుండా ఆరు నెలలు ముందుజాగ్రత్త మాత్రలు వేసుకోవాలన్నారు. అవి దుర్గే తెస్తోంది. ఇప్పుడు ఖాళీ అట్టలు అడగదు. మింగేదాకా ఎవరైనా ఎదురుగా కూర్చోవాలంది. ఆ ఎవరైనా నేనే.

పొద్దున్నే మా అత్త మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, చిన్నపిల్లలా నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తుంది. నిన్న అలా చూపించి, నోరు మూసుకుని, నావైపు చూసింది.

"ఆడికి కూడా ఇలాగే సూసీదానివా?"

ఆవిడకి ఎవరూ చెప్పలేదు. దుర్గ చెప్పదు, నేను చెప్పలేను.

"ఇంకొన్ని నీల్లు తాగు అత్తా," అన్నాను.

తాగింది. గ్లాసు కింద పెట్టి, రేపు కూడా వెయ్యాలా అని అడిగింది. వెయ్యాలి అన్నాను. ఇంకా అయిదు నెలలున్నాయి. రోజూ ఆవిడ ఎదురుగా కూర్చోవాలి.