నకిలీ బ్రేకుల వెంట కోటిపల్లి రేవు దాకా

రాజమండ్రి నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకి ఎలా వెళ్ళాలని ఎవరైనా అడిగితే నేను బాగానే చెప్పగలను. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగి ఆటో పట్టుకోవాలో, ఏ పక్క కూర్చుంటే ఎండ తగలదో చెప్పగలను. కాని ఆ దారిన నేను వెళ్ళింది ఒక్కసారే. ఆ రోజు చూడవలసినవేవీ చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. నేను కొవ్వూరులో టీచరుని. మా ఆయన ఉద్యోగం విశాఖపట్నంలో కావడంతో ఇంట్లో ఉన్న చిన్న తెల్ల కారుని నేనే నడిపేదాన్ని. మా స్కూల్లోనే పనిచేసే రామలక్ష్మిగారికి కూడా సరిగ్గా అలాంటి కారే ఉండేది. వాళ్ళాయన సత్యనారాయణగారు వ్యవసాయదారు. ఏది కొన్నా రెండు ఇళ్ళకీ కలిపి కొనే మనిషి. ఆ వారం రెండు కార్లకీ ముందు బ్రేకు ప్యాడ్లు అరిగిపోయాయని తెలిసి, రాజమండ్రిలో ఒక షాపు నుంచి రెండు పెట్టెలు ఆయనే తెచ్చారు. రైల్వే గేటు దగ్గర షెడ్డున్న మెకానిక్ రమణ శుక్రవారం సాయంత్రం రెండు కార్లకీ వాటిని బిగించాడు.

మర్నాడు రెండో శనివారం, సెలవు. నేను కళ్ళజోడు మార్పించుకుందామని రాజమండ్రికి బయలుదేరాను. ఏడున్నరకి గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు వేస్తున్నారు. బ్రేకు నొక్కాను. ఇనుము ఇనుముని గీకిన చప్పుడు. పెడలు కాలికింద మెత్తగా దిగిపోయింది. కారు ఎడమ పక్కకి లాక్కుపోతూ గేటు వైపు వెళ్ళిపోతోంది. చేతి బ్రేకు పైకి లాగాను. గేటు కడ్డీకి మూరెడు దూరంలో ఆగింది.

సైకిలు మీద నిలబడ్డ ఒకాయన అద్దం మీద తట్టి, “ఏంటండీ, గేటు విరగ్గొట్టేస్తారా ఏంటి?” అన్నాడు. నేను రెండు చేతులతో చేతి బ్రేకుని అలాగే పట్టుకుని ఉన్నాను. ఇంజను శబ్దం వినిపిస్తోంది. ఆ తర్వాత రైలు వెళ్ళింది.

రమణ షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చాడు. కారుని పక్కకి తోయించి, జాకీ వేసి చక్రం విప్పాడు. ప్యాడ్ అంటే ఇనుప పలక మీద అంటించిన గట్టి బిళ్ళ. పెడలు నొక్కినప్పుడు ఆ బిళ్ళే చక్రంతో తిరిగే డిస్కుని పట్టి ఆపుతుంది. రమణ చేతికి వచ్చిన పలక మీద బిళ్ళ లేదు. నున్నటి ఇనుము మెరుస్తోంది. ఊడిన బిళ్ళ రెండు ముక్కలై లోపలి నుంచి జారి కింద పడింది. అతను ఒక ముక్కని గోటితో గీకాడు. పొడి రాలింది.

“ఇవి కంపెనీవి కావండి,” అన్నాడు. మొహం పాలిపోయింది. “నా చేత్తో నేనే బిగించాను. పెట్టె మీద బొమ్మ చూసి బిగించేశాను.”

చెత్త డబ్బాలోంచి ఖాళీ పెట్టె తీసుకొచ్చాడు. బల్ల మీద నిన్న విప్పిన పాత ప్యాడ్లు ఇంకా అలాగే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూశాం. పాత పలక వెనక నంబరు అచ్చుగుద్ది ఉంది, కొత్త దాని మీద ఏమీ లేదు. పాత దాని అంచులు చక్కగా కోసినట్టున్నాయి, కొత్త దానివి గరుకుగా, జిగురు పొంగి ఉన్నాయి. పెట్టె మీద ఇంగ్లీషులో కంపెనీ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. మెరిసే సీలు ఉండాల్సిన చోట మామూలు రంగు కాగితం అతికించి ఉంది. ఇవన్నీ కళ్ళెదుటే ఉన్నాయి. చూడాలని ఎవరికీ తట్టలేదు.

అప్పుడు రమణే అన్నాడు. “సత్యనారాయణగారు ఇవాళ పొద్దున్నే ద్రాక్షారామం వెళ్ళారండి. గేటు దాటుతూ నాకు చెయ్యి ఊపారు. రామలక్ష్మిగారూ, వెనక సీట్లో ఆయన తల్లి, ఆ పెద్దావిడా కూడా ఉన్నారు.”

వాళ్ళ కారుకి బిగించింది రెండో పెట్టె.

వాళ్ళ ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు లేరు. ఆయన దగ్గర సెల్‌ఫోన్ లేదు. టాక్సీ మాట్లాడదామంటే పెళ్ళిళ్ళ రోజులు, స్టాండులో ఒక్క బండి లేదు. ఇద్దరం బస్సెక్కి గోదావరి వంతెన మీద రాజమండ్రి చేరాం. రమణ నాకంటే ముందు ఆలోచించాడు.

“నేను కంపెనీ డీలరు దగ్గరికి వెళ్ళి అసలు ప్యాడ్లు తీసుకుని వెనకాల బస్సులో వస్తానండి. వట్టి చేతుల్తో వెళ్తే కారుని అక్కడే వదిలేసి రావాలి. మీరు ముందు వెళ్ళి ఆపండి. కదలనివ్వకండి.”

బస్ కాంప్లెక్సులో ద్రాక్షారామం బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు వెనకాల సీటు దొరికింది. ధవళేశ్వరం దాటాక రోడ్డు కాలవని పట్టుకుంది. కాలవ నిండుగా పారుతోంది. రోడ్డుకీ నీళ్ళకీ మధ్య చాలాచోట్ల గడ్డి తప్ప అడ్డం లేదు. మామూలు రోజుల్లో ఆ పచ్చదనం చూడటానికే మనుషులు ఆ దారిన వస్తారు. నేను ప్రతి మలుపులోనూ గడ్డి నలిగిందా, కాలవలో జనం దిగారా అని చూస్తూ కూర్చున్నాను.

కడియంలో ఒకావిడ గులాబీ అంటు మొక్కల బుట్టతో ఎక్కి నా పక్కన కూర్చుంది. “ఏంటమ్మా, అలా కిటికీలోంచి తల బయట పెట్టేస్తున్నారు? కడుపులో తిప్పుతోందా?” అంది. సంగతి చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. బుట్ట కాళ్ళ కిందికి నెట్టుకుని, “మీరు ఇటు చూడండి, నేను అటు చూస్తాను. తెల్ల కారే కదా?” అని రెండో పక్క కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. మండపేట వచ్చేదాకా అలాగే నిలబడింది. కనిపించిన ప్రతి తెల్ల కారుకీ నా వైపు తిరిగి అడిగేది. ఏదీ వాళ్ళది కాదు.

రామచంద్రపురంలో బస్సు పావుగంట ఆగింది. డ్రైవరు టీ తాగుతున్నాడు. కండక్టరుని పట్టుకుని బతిమాలాను. ఆయన టిక్కెట్ల సంచీ సర్దుకుంటూ, “మా టైము మాకుంటుందండి,” అన్నాడు. తర్వాత నా మొహం చూసి ఏమనుకున్నాడో, వెళ్ళి డ్రైవరు చేతిలో గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టి వెంటబెట్టుకొచ్చాడు.

ద్రాక్షారామంలో దిగేసరికి పదకొండు కావస్తోంది. గుడి ముందు కార్లు వరసగా ఉన్నాయి. వాళ్ళది లేదు. కొబ్బరికాయలు అమ్మే ఆవిడని అడిగాను.

“పెద్దావిడని ఇద్దరూ రెండు పక్కలా పట్టుకుని నడిపించారు, వాళ్ళేనా? దర్శనం అయిపోయిందండి. కోటిపల్లి రేవు ఎటని అడిగారు. పంటు మీద కారు దాటించుకుని అయినవిల్లి వినాయకుడి గుడికి వెళ్తారట.”

పంటు అంటే రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పెద్ద రేవు పడవ. మనుషులతో పాటు కార్లని కూడా దాటిస్తుంది. దాని మీదికి ఎక్కించాలంటే కారు గట్టు దిగి నీళ్ళ దాకా వెళ్ళాలి. అంతవరకూ నా భయం కాలవ గురించే. ఇప్పుడు గోదావరి.

వెనకాల రమణ అనే అతను వస్తే కోటిపల్లికి పంపమని ఆవిడకి చెప్పి ఆటో ఎక్కాను. ఆటో అతను దారంతా ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. ఒక్కటీ చెవిన పడలేదు. పెదాలు కదులుతున్నాయి కాని నేను ప్రార్థన చేస్తున్నానో, ‘తొందరగా తొందరగా’ అంటున్నానో నాకే తెలియదు.

కోటిపల్లిలో గట్టెక్కగానే నది కనిపించింది. గట్టు మీంచి నీళ్ళలోకి ఏటవాలుగా మట్టి బాట. బాట చివర పంటు, దానికి వేసిన రెండు చెక్క బల్లలు. బాట మొదట్లో, ముక్కు కిందికి పెట్టి, తెల్ల కారు. రామలక్ష్మిగారు అప్పటికే దిగి కింద పంటు దగ్గర నిలబడి ఉన్నారు. సత్యనారాయణగారు స్టీరింగు ముందు ఉన్నారు. వెనక సీట్లో వాళ్ళమ్మగారు మాణిక్యమ్మగారు. మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆవిడని దింపలేదు.

పరుగెత్తాను. చెప్పు ఒకటి ఊడిపోయింది. కారు కిటికీ పట్టుకుని, “కదిలించకండి! బ్రేకులు లేవు!” అని అరిచాను.

ఆయన నవ్వబోయారు. “సువార్తగారూ! మీరెలా వచ్చారండీ ఇక్కడికి? బ్రేకులు లేకుండా ఇంత దూరం ఎలా వచ్చామంటారు?”

“నా కారుకి పొద్దున్న గేటు దగ్గర ఊడిపోయాయండి. నకిలీవి. రెండు పెట్టెలూ ఒకటే.”

ఆయన నవ్వు ఆగింది. “రామచంద్రపురం నుంచి ఏదో గీకుతున్న చప్పుడు వస్తోంది,” అన్నారు నెమ్మదిగా. “మట్టి ఇరుక్కుందేమో అనుకున్నాను.”

“ముందు అమ్మగారిని దింపండి.”

మాణిక్యమ్మగారు ఒప్పుకోలేదు. “నేను నడవలేనమ్మాయ్. నిమిషంలో పంటు మీదుంటాం కదా.” వెనక జీపు హారన్ కొడుతోంది. పంటు మనిషి కింది నుంచి చెయ్యి ఊపుతూ రమ్మంటున్నాడు. నేను తలుపు తీసి ఆవిడ చంకల కింద చేతులు వేశాను. ఆవిడ నన్ను తిడుతూనే ఉంది. జీపులోంచి ఇద్దరు దిగి సాయం పట్టారు. ఆవిడని గట్టు పక్కన ఇసుక బస్తా మీద కూర్చోబెట్టాం.

సత్యనారాయణగారు జీపుకి దారి ఇద్దామని, కారుని రెండడుగులు ముందుకి పోనిచ్చి పక్కకి తిప్పబోయారు. రెండడుగులకి ఏమవుతుందిలే అనుకున్నారేమో, చేతి బ్రేకు వదిలారు. నేను వద్దంటున్నాను, హారన్‌లో వినిపించలేదు.

పొద్దున్న విన్న చప్పుడే మళ్ళీ విన్నాను. కారు ఆగలేదు. వాలులో నెమ్మదిగా మొదలై ఒక్కసారి ఊపు అందుకుంది. కింద రామలక్ష్మిగారు కదలకుండా అలాగే నిలబడిపోయారు. పంటు మనిషి ఆవిడ చెయ్యి పట్టి గుంజి పక్కకి లాగాడు. సత్యనారాయణగారు చేతి బ్రేకు లాగి స్టీరింగు కుడికి విరిచేశారు. కారు అడ్డంగా ఈడ్చుకుంటూ పోయి, నీళ్ళ అంచున పోసిన ఇసుక గుట్టలో ముక్కు గుచ్చుకుని ఆగింది. హెడ్‌లైటు పగిలింది. ముందు చక్రాలలో ఒకటి నీళ్ళలో ఉంది.

సత్యనారాయణగారు కారులోంచి దిగలేదు. రామలక్ష్మిగారు వెళ్ళి తలుపు తీసి, ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. గట్టు మీద మాణిక్యమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది. “ఎంత తిట్టినా నన్ను వదల్లేదు కదమ్మా నువ్వు,” అన్నారు. తర్వాత ఏడ్చారు.

జీపు వాళ్ళూ పంటు వాళ్ళూ కలిసి తాడు కట్టి కారుని గట్టు మీదికి లాగారు. రమణ వచ్చేసరికి ఒంటిగంట దాటింది. చక్రాలు విప్పితే ఒక పక్క పలక పూర్తిగా బోడిగా ఉంది, రెండో పక్క బిళ్ళ సగం ఊడి వేలాడుతోంది. రమణ తను తెచ్చిన పెట్టె విప్పే ముందు అందరికీ చూపించాడు. సీలుని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. పలక వెనక నంబరు చదివి, పెట్టె మీది నంబరుతో, బిల్లు మీది నంబరుతో సరిపోల్చమని పెట్టె నా చేతికే ఇచ్చాడు. బిగించాక గట్టు మీద ఖాళీ కారుని తానే పదిసార్లు నడిపి ఆపాడు. రామలక్ష్మిగారు తెచ్చిన పులిహోర మాణిక్యమ్మగారొక్కరే తిన్నారు. అయినవిల్లి మాటెవరూ ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో అయిదుగురం ఆ కారులోనే ఇరుక్కున్నాం. సత్యనారాయణగారు ఎద్దుబండి కంటే కొంచెం వేగంగా నడిపారు. ఆయన బ్రేకు మీద కాలు వేసినప్పుడల్లా మా మాటలు ఆగిపోయేవి. రాజమండ్రి చేరేసరికి వీధి దీపాలు వెలుగుతున్నాయి. ఆయన ఎవరినీ అడక్కుండా కారుని మెయిన్ రోడ్డు పక్క సందులోకి తిప్పి, ఆ షాపు ముందు ఆపారు.

నేనూ రమణా ఆయన వెనకాలే వెళ్ళాం. షాపులో నలుగురైదుగురు ఉన్నారు. సత్యనారాయణగారు బోడి పలకని బల్ల మీద పెట్టారు.

షాపాయన చూసి, “మా సరుకు కాదండి ఇది,” అన్నాడు.

“మీ దగ్గరే కొన్నాను. బిల్లు అడిగితే, వద్దులెండి, ధర తగ్గిస్తానన్నారు.”

“కంపెనీ మాలేనండి. మీవాడు బిగించడం తెలీక...”

రమణ ముందుకి వచ్చాడు. సత్యనారాయణగారు చెయ్యి అడ్డం పెట్టి ఆపి, గొంతు పెంచకుండా అన్నారు. “అలాగైతే అదే ఇంకో పెట్టె తియ్యండి. ఇప్పుడే నా కారుకి బిగిస్తాడు. మీరు ముందు సీట్లో కూర్చోండి. కోటిపల్లి రేవు దిగొద్దాం.”

షాపాయన తలెత్తలేదు. బేరమాడుతున్న ఒకాయన చేతిలో పెట్టెని బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోయాడు. మరొకాయన కూడా వెళ్ళాడు. చాలాసేపటికి షాపాయన స్టూలు వేసుకుని పై అరలోంచి అలాంటి పెట్టెలన్నీ దింపాడు.

“ఈ వారం ఇంకెవరికి అమ్మారు?” అని అడిగాను.

“మీ రెండూ కాక మూడు వెళ్ళాయండి. ఇద్దరు తెలిసినవాళ్ళే. ఇప్పుడే ఫోన్ చేస్తాను.” మా ముందే చేశాడు. ఇద్దరూ దొరికారు.

“మూడో ఆయన?”

“తెలీదండి. అటు మండపేట వైపు మనిషనుకుంటా. పెళ్ళివారి కారు, తొందరగా ఇమ్మన్నాడు.”

ఇలాంటి ప్రయాణం చేసినవాళ్ళు ఇంటికి ఏదో ఒకటి తెచ్చుకుంటారు. నేను తెచ్చుకున్నది ఒక అలవాటు. కారుకి ఏ వస్తువు మార్చినా పాతది పారేయకుండా పక్కన పెట్టి, నంబరూ అంచులూ సీలూ చూసుకుని, బిల్లు చేతికొచ్చాకే బిగించనిస్తాను. కాని ఆ సాయంత్రం నా బుర్రలో ఇవేవీ లేవు. కొవ్వూరు వంతెన మీద మా పక్కనుంచి పెళ్ళి కార్లు ఒకటొకటిగా రాజమండ్రి వైపు వెళ్తున్నాయి, ముందు అద్దాల మీద పూలదండలతో. మాణిక్యమ్మగారు కిటికీ అద్దం దించి, ఎదురొచ్చే ప్రతి చిన్న కారునీ చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను.