కాళ్ళున్న అక్షరాలు

ఇంగ్లీషు అక్షరానికి కాళ్ళు లేకపోతే సాంబమూర్తిగారికి అన్నం సయించదు.

విజయవాడ గవర్నరుపేటలో ఆయన స్టీలు అక్షరాలతో షాపు బోర్డులు చేస్తారు. ప్రతి గీత చివరా ఇటుకంత మందాన అడ్డంగా ఒక పీట ఉండాల్సిందే.

“దీన్ని శ్లాబ్ సెరిఫ్ అంటారు సార్,” అంది శ్రీదుర్గ, కంప్యూటరు మీద డిజైన్లు వేసే పనిలో చేరిన మొదటిరోజునే.

“శ్లాబు నెత్తిమీద ఉంటుందమ్మా. ఇది పునాది.”

‘వీ’ అక్షరం కింది మొనకీ పీట వేయించారాయన.

“లోకంలో ఎవరూ అక్కడ పెట్టరు సార్!”

“అందుకే లోకంలో ‘వీ’లన్నీ బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాయి.”

గుండ్రంగా దొర్లే ‘ఓ’ అంటే మరీ గిట్టదు. కాఫీ హోటలు బోర్డుకోసం వచ్చిన గోపీనాథ్‌ని అరగంట కూర్చోబెట్టి, “టీ కొట్టు పెట్టకూడదుటండీ?” అని బతిమాలారు. అతను మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు.

కంకిపాడులో బట్టలషాపు తెరుస్తున్న మాధురి నమూనా చూసి మొహం చిట్లించింది. “ఎరువుల కొట్టు బోర్డులా ఉందండీ. సన్నగా, తీగల్లా కావాలి.”

“తీగకైనా పందిరి కావాలిగా అమ్మా.”

బేరం పోయేలా ఉంది. సాంబమూర్తిగారు ఏదో పెళ్ళికి వెళ్ళిన రోజు చూసి, శ్రీదుర్గ కాళ్ళులేని అక్షరాలు కోయించేసింది. బోర్డులు బిగించే రత్తయ్యతోపాటు తనూ కంకిపాడు వెళ్ళింది.

రత్తయ్య గోడకి చెక్కపట్టీ కొట్టి, దానిమీద ‘ఎమ్’ని నిలబెట్టాడు. పడిపోయింది. మళ్ళీ నిలబెట్టాడు. ఈసారి దాన్ని అందుకోబోతే నిచ్చెన కదిలింది.

“ఎడంచేత్తో పట్టుకో బాబాయ్!”

“ఆ చెయ్యి పట్టదు తల్లీ, కరెంటు కొట్టినకాడి నుంచీ. అక్షరం దానంతటది నిలబడితే కుడిచేత్తో మర బిగించుకుంటా. తోడు మనిషినిస్తే పని మానేస్తానన్నా సారుతో. ఆ వారం నుంచే అక్షరాలకి కాళ్ళొచ్చినయ్. గుండ్రటివుంటే ఆయనే వచ్చి పట్టుకుంటారు, వంకర చూడ్డానికొచ్చానంటారు.” సన్నటి ‘ఎమ్’ని అటూ ఇటూ తిప్పాడు. “ఇట్టాంటివే చేస్తారా ఇకనించీ? అయితే నేను దిగిపోవాల్సిందే.”

“దాన్ని పట్టీకి ఆనించి పట్టుకో బాబాయ్,” అంది శ్రీదుర్గ. లోపల బట్టలు సర్దుకుంటున్న మాధురిని రోడ్డు దాటించి బస్టాపు దగ్గరికి తీసుకెళ్ళింది. “బస్సులోంచి చూసినట్టు చూడండి మేడమ్. అక్షరం కనబడుతోందా?”

మాధురి కళ్ళు చికిలించింది. “ఏదీ? ఎక్కడా?”

“అదీ సంగతి.”

“సర్లెండి, మీ పీటలే వెయ్యండి. కాస్త నాజూగ్గా.”

మర్నాడు సాంబమూర్తిగారు కొత్త డిజైను చూసి ఉలిక్కిపడ్డారు. షాపుకి పెట్టిన మాధురి పేరు మధ్యలో ‘యూ’ ఉంది. దాని గుండ్రటి అడుగుకి బల్లపరుపుగా ఓ పీట వేసి ఉంది.

“ఇదేంటమ్మా! ‘యూ’కి కాలేంటి? జనం నవ్వరూ?”

“నవ్వనివ్వండి సార్. రత్తయ్య బాబాయ్ పట్టీ మీద నిలబడాలి కదా.”

ఆయన ఆమె వైపు ఒకసారి చూశారు. పీట మీద వేలు పెట్టారు.

“మరీ ఇరుగ్గా వేశావు. ఇంకో అంగుళం వెడల్పు పెంచు.”