మిర్చి దగ్గేలే

నెల రోజులుగా నాకు పొడిదగ్గు. నిన్న స్కూల్లో పాఠం మధ్యలో రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. తోటి టీచరమ్మ మంచినీళ్ల సీసా అందిస్తూ, "మిర్చి దగ్గేలే, అదే పోద్ది" అంది. మా అత్తకూ మేమంతా ఇదే మాట చెప్పాం.

అత్త అంటే మా నాన్నకు చెల్లెలు. రొంపిచెర్ల దగ్గర మా ఊళ్లోనే, మా వెనక వీధిలో ఉంటుంది. పొలం పనులకు ఆడకూలీల ముఠాను తీసుకెళ్లే మేస్త్రి. తెల్లారకముందే వీధి మొదట్లో నిలబడి ఒక్క కేక పెట్టిందంటే చివరింట్లో కూడా అన్నం కారేజీలు సర్దుకునేవారు. అందరినీ పేర్లు పెట్టి పిలిచేది, ఒక్కో పేరుకు ఒక్కో రాగం. ఆలస్యం చేసేవాళ్లకు బిరుదులు కూడా ఉండేవి, అవి ఇక్కడ రాయదగ్గవి కావు. మామయ్య నెమ్మదస్తుడు. తమ పెళ్లికి మైకు పెట్టాల్సిన పని లేకపోయిందని మురిసిపోతూ చెప్పేవాడు.

మాది మిరప పండే ఊరు. కాయలు కల్లాల్లో ఆరబోసిన రోజుల్లో ఊరు ఊరంతా దగ్గుతుంది. పెళ్లిచూపుల్లో దగ్గు, పూజారి మంత్రాల మధ్య దగ్గు. అందుకే దగ్గంటే మాకు లెక్కలేదు. అత్తకు దగ్గు పట్టుకున్న ఏడు కల్లాలు ఎత్తేశారు, మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకు వెళ్లిపోయాయి, వానలు కూడా పడ్డాయి. అత్త దగ్గు మాత్రం పోలేదు. పైగా గొంతు బొంగురుపోయింది. "మగగొంతు వచ్చిందే నీకు" అని ముఠా ఆడవాళ్లు నవ్వితే తనూ నవ్వింది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, మిరియాల కషాయం తాగుతూ నెలలు లాక్కొచ్చింది.

ఒక ఉదయం పత్తిలో కలుపుకు పిలవడానికి వెళ్తే ఎవరూ బయటికి రాలేదు. మేస్త్రి రాలేదనుకుని సగం మంది ఇంకో ముఠా ఆటో ఎక్కేశారు. అత్త వచ్చి మా మెట్ల మీద కూలబడింది. "పిలిచానే. గట్టిగానే పిలిచానే. ఒక్కతీ ఇనలా" అంది. ఆ మాట వినడానికి నేను ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టాల్సి వచ్చింది. నాకు చానా భయమేసింది.

నరసరావుపేటలో డాక్టరుగారు సన్నటి గొట్టం పెట్టి గొంతు లోపల చూశారు. "బొంగురుపోయి మూడు వారాలు దాటితే చూపించుకోవాలమ్మా, ఇన్నాళ్లూ ఏం చేశారు?" అన్నారు. మామయ్య చేతులు నలుపుకుంటూ "మిర్చి దగ్గనుకున్నామండీ" అన్నాడు. డాక్టరుగారిదీ ఈ ప్రాంతమే, ఆ మాట ఆయనకు కొత్త కాదు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సరని తేలింది. గుంటూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. మనిషి దక్కింది, గొంతు దక్కలేదు.

ముఠా చెదరలేదు. ఇప్పుడు అత్త కారేజీ మూతతో గేట్లు కొడుతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో దరువు. ఆలస్యమైతే ఆ దరువులోనే తిట్టు వినిపిస్తుంది.

ఈ ఉదయం ఆ మూత మా గేటు మీద మోగింది. తీసి చూస్తే అత్త, మెడకు తువ్వాలు చుట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేతిలో ఊరెళ్లే సంచితో నిలబడి ఉంది. నా దగ్గు వాళ్లింటిదాకా వినిపిస్తూనే ఉండాలి. "స్కూలుంది అత్తా, ఆదివారం పోదాంలే ఆస్పత్రికి" అన్నాను. మళ్లీ మూత ఎత్తి గేటును కొట్టడం మొదలుపెట్టింది, నేను చెప్పులు వేసుకునేదాకా ఆపలేదు. ఆ ఏడు అదే పోద్దిలే అనుకుంటూ నెలలు పోగొట్టుకోకపోయి ఉంటే, అత్త ఈ ఉదయం నన్ను పేరు పెట్టి పిలిచేది.