హరలంపి పేరు పండగ

స్ట్రెమెన్ అనే కొండ ఊళ్ళో పేరు పండగకు ఎవరూ ఎవరినీ పిలవరు. తన పేరున్న పునీతుడి రోజున బల్ల సర్దుకుని, గేటు తీసి కూర్చోవాలి. రావాలనుకున్నవాళ్ళు వస్తారు. పిలిస్తే అడుక్కున్నట్టే.

హరలంపి రెండేళ్ళుగా ఆ గేటు తియ్యలేదు. భార్య రైనా చనిపోయిన ఏడాది దుఃఖం. ఆ మరుసటి ఏడాది ఒట్టి మొండితనం. ఈసారి తీశాడు. ఒక్కరు లోపలికి వచ్చి "చల్లగా ఉండు హరలంపీ" అంటే చాలనుకున్నాడు.

ఒకప్పుడు ఇక్కడి గొర్రెల వ్యాపారులు ఇస్తాంబుల్ దాకా మందలు తోలుకెళ్ళి, ఆ డబ్బుతో నీలం గోడల మేడలు కట్టారు. తురుష్కుల మీద తిరగబడ్డప్పుడు సగం ఊరు తగలబడింది. మిగిలిన మేడల్ని ఇప్పుడు జనం బస్సుల్లో వచ్చి చూస్తారు, సాయంత్రానికి కొండ దిగిపోతారు. హరలంపి వయసంతా అలాంటి ఒక మేడకు కాపలా కాయడంలోనే గడిచింది. పొయ్యి రాజేసి, తాళం తీసి, "బూట్ల మీద గుడ్డ చుట్టుకోండి!" అని అరవడమే ఆయన ఉద్యోగం. "పోయినవాళ్ళ ఇల్లు చూడ్డానికి అంతమంది వస్తారు, మన గడప ఎవడూ తొక్కడు" అని రైనా ఏడిపించేది.

ఆ ఫిబ్రవరి ఉదయం మంచు మోకాళ్ళ దాకా ఉంది. పులిసిన క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి ఉడికించాడు. రొట్టె అడుగు మాడింది, గోకేశాడు. పండక్కి గుడిలో మంత్రించిన తేనె గిన్నెలో పోశాడు. ద్రాక్షసారా సీసా బయటికి తీశాడు. కూర్చున్నాడు.

వీధిలో అడుగులు వినిపించాయి. గేటు దగ్గర ఆగాయి. వెళ్ళిపోయాయి. కాసేపటికి మళ్ళీ అంతే.

మూడోసారి ఉండబట్టలేక బయటికి వెళ్ళాడు. పక్కింటి డోన్కా గేటు ముందు నిలబడి శిలువ గుర్తు వేసుకుంటోంది.

"ఏంటి వదినా, అక్కడే ఆగిపోయావ్? రా లోపలికి. ఇవాళ నా పండగ."

"పండగా? నీకు మతి ఉందా? ఇదేంటి మరి?"

గేటు మీద రైనా నవ్వుతోంది. ఏటా చనిపోయిన రోజున ఫోటోతో కొత్త కాగితం గేటుకు అంటించడం ఇక్కడి ఆనవాయితీ. మొన్ననే హరలంపి తన చేత్తోనే అంటించాడు. నల్ల అంచు, జిగురు ఇంకా మెరుస్తోంది.

"ఇంత తాజాగా చావు కాగితం పెట్టుకున్న గేటులోంచి వచ్చి నీకు శుభాకాంక్షలు చెప్పమంటావా? నా నోరు పడిపోదూ?"

"రైనా పోయి రెండేళ్ళయింది కదా!"

"నాకు తెలుసు. చూసేవాడికి రైనా ఇవాళే పోయినట్టుంటుంది. చింపెయ్, వస్తాను."

హరలంపి గోరు ఒక మూలకు ఆనించాడు. ఆ కాగితాన్ని వాన తియ్యాలి, గాలి తియ్యాలి. మనిషి తియ్యడు. చెయ్యి దించేశాడు.

"అదేమో నీ ఇష్టం" అని డోన్కా మంచులో కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిపోయింది.

వండింది పాడైపోతుంది. క్యాబేజీ చుట్టల గిన్నె, రొట్టె, సీసా తెచ్చి గేటు పక్కన రాతి అరుగు మీద పెట్టాడు. కట్టెల బండి తోలుకొస్తున్న పెన్చో గుర్రాన్ని ఆపాడు. గేటు మీది కాగితం చూసి టోపీ తీశాడు. నిలబడే రెండు చుట్టలు తిని, సారా ముందుగా పోయినవాళ్ళ పేరున కాస్త నేలకు ఒంపి తాగాడు.

"దేవుడు రైనాను క్షమించుగాక."

హరలంపి నోరు తెరిచాడు. ఇది దాని ఆత్మశాంతికి పెట్టింది కాదు పెన్చో, నా పండగ అని చెప్పాలి. పెన్చో మూతి తుడుచుకుంటున్నాడు.

"అన్నా, అచ్చం ఆవిడ చేతి రుచే. ఎప్పుడు నేర్చుకున్నావ్?"

"నేర్చుకున్నాలే" అన్నాడు హరలంపి. "ఇంకోటి తీసుకో."

గిన్నె ఖాళీ అయ్యేదాకా దారిన పోయేవాళ్ళు ఆగుతూనే ఉన్నారు. అందరూ రైనా పేరే తలుచుకున్నారు. ఆయన ప్రతిసారీ తల వంచి, "ఆమెన్" అన్నాడు.